ఫారాబీ దృష్టిలో ఉత్తమ పాలన

హిజ్రీ 330 (క్రీ.శ. 942) నాటికి బాగ్దాద్‌లో ఖలీఫాకు మిగిలినది పేరు మాత్రమే. 936 నుండి రాజ్యాధికారం 'అమీరుల్ ఉమరా' అనే బిరుదు వహించిన సేనానుల చేతిలోకి పోయింది. 942లో బరీదీల సేనలు నగరంలో ప్రవేశించగా ఖలీఫా ముత్తఖీ మోసుల్‌కు పారిపోవలసి వచ్చింది. తత్త్వవేత్త అబూ నస్ర్ అల్ ఫారాబీ సిరియాకు తరలివెళ్ళినది కూడా ఆ సంవత్సరమే. ఉత్తమ నగరాన్ని గురించి బాగ్దాద్‌లో మొదలుపెట్టిన గ్రంథాన్ని ఆయన దమిష్క్‌లో పూర్తిచేశారు.

మానవుడు ఒంటరిగా పరిపూర్ణత పొందలేడనీ, నిజమైన సౌభాగ్యం (సఆదత్) కొరకు ప్రజలు పరస్పరం సహకరించుకొనేదే ఉత్తమ నగరమనీ ఫారాబీ వివరించారు. ధనం, భోగం, కీర్తి, పరులపై ఆధిపత్యం - వీటినే పరమావధిగా ఎంచుకొన్న నగరాలను ఆయన అజ్ఞాన నగరాలన్నారు. దేహానికి హృదయం ఎట్టిదో నగరానికి పాలకుడు అట్టివాడు. ఆ పాలకునికి సహజంగా ఉండవలసిన గుణాలు 12. సత్యప్రియత్వం, న్యాయప్రీతి, ధనంపట్ల నిరాసక్తత వాటిలోనివి.

ఇన్ని గుణాలు ఒకే వ్యక్తిలో కనిపించడం అరుదని ఆయన ఎరుగుదురు. అందుచేత అర్హతలను పంచుకొన్న ఇద్దరుగాని, అంతకు మించిన వారుగాని కలిసి పాలించవచ్చునన్నారు. ఒక్క విషయంలో మాత్రం మినహాయింపు ఇవ్వలేదు. తక్కిన అర్హతలన్నీ ఉండి వివేకం (హిక్మత్) లోపించినచో ఆ నగరానికి రాజు లేనట్లే. దాని వినాశం ఎంతో దూరంలో ఉండదు.

ఆ గ్రంథంలో సమకాలీన పాలకుల పేర్లు లేవు. 945లో బువైహీలు బాగ్దాద్‌ను ఆక్రమించారు. 950లో ఫారాబీ దమిష్క్‌లో మరణించారు. బాగ్దాద్‌లో సేనానులకు ఏనాడూ కొరత లేదు. రాజ్యాన్ని నిలిపేది సైన్యబలమొక్కటే కాదని గ్రహించడానికి ఆ కాలపు చరిత్రే చాలు.