అజంతా గోడల మీద నీలం

విహారాల గోడలకు ఏ రంగులు వేయవచ్చునో వినయపిటకంలోని చుల్లవగ్గ చెబుతుంది. తెలుపు, నలుపు, జేగురు ఎరుపు అనే మూడింటికి అక్కడ అనుమతి ఉంది. కొందరు భిక్షువులు స్త్రీపురుషుల రూపాలను చిత్రింపజేయగా బుద్ధుడు వారించి, పూలదండలు, తీగల అల్లికల వంటి అలంకరణకు మాత్రమే సమ్మతించినట్లు కూడా అక్కడే ఉంది. ఈ నియమాన్ని చదివి అజంతాకు వెళ్లినవారికి ఆశ్చర్యం తప్పదు. రాజకుమారులు, నర్తకులు, వర్తకులు, ఏనుగులు, గంధర్వులతో నిండిన ఆ గోడలకూ ఆ నియమానికీ మధ్య చాలా దూరం ఉంది. మూలసర్వాస్తివాద వినయం వెలువడేనాటికి నియమమే మారింది. విహారంలో ఏ చోట ఏ చిత్రం ఉండాలో ఆ గ్రంథం నిర్దేశిస్తుంది. ద్వారమండపంలో ఉండవలసిన భవచక్రం అజంతా 17వ గుహ వసారాలో నేటికీ శిథిలరూపంలో కనిపిస్తుంది. అయితే చిత్రవిషయంలో వచ్చిన ఈ మార్పును గమనించినంతగా రంగులలో వచ్చిన మార్పును పరిశీలకులు పట్టించుకోలేదు.

వాఘోరా వాగు వంపులో ఉన్న సుమారు 30 గుహలు రెండు దశలలో తొలిచినవి. 9, 10 సంఖ్యల చైత్యగృహాలు, వాటి సమీపంలోని కొద్దిపాటి విహారాలు క్రీ.పూ. 2, 1 శతాబ్దాలకు, అంటే శాతవాహనుల కాలానికి చెందినవి. ఆ తరువాత సుదీర్ఘమైన విరామం. మిగిలిన వాటిలో అధికభాగం క్రీ.శ. 5వ శతాబ్ది ఉత్తరార్ధంలో, వాకాటక హరిషేణుని కాలంలో రూపొందాయి. ఈ రెండవ దశను వాల్టర్ స్పింక్ సుమారు రెండు దశాబ్దాలకు కుదించారు. అంత తక్కువ వ్యవధిని అందరూ అంగీకరించలేదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 5వ శతాబ్ది చిత్రకారులు పాత చైత్యగృహాలలోకి కూడా వచ్చి, స్తంభాల మీదా గోడల మీదా బుద్ధమూర్తులను చిత్రించారు. కనుక 10వ గుహలో రెండు యుగాల రంగులు పక్కపక్కనే ఉన్నాయి.

ఈ రెండు దశలను పోల్చడానికి ఒక కథ బాగా ఉపకరిస్తుంది. ఆరు దంతాల గజరాజుగా బోధిసత్త్వుడు జన్మించిన ఛద్దంత జాతకం 10వ గుహలో ఉంది, 17వ గుహలోనూ ఉంది. మధ్య అంతరం ఐదు శతాబ్దాలకు పైమాటే. పాత చిత్రంలో జేగురు, పసుపు మన్ను, పచ్చ మన్ను, దీపపు మసి, తెలుపు కనిపిస్తాయి. మసి తప్ప తక్కినవన్నీ మన్ను, రాయి నుంచి వచ్చినవే. దక్కను నల్లరాతి పొరలలో పచ్చ మన్ను సహజంగా దొరుకుతుంది. జేగురుకు ఈ ప్రాంతంలో కొరతే లేదు. తలపాగాల తీరు చూస్తే సాంచి శిల్పాలు గుర్తుకు వస్తాయి. రేఖ దృఢమైనది, నేర్పుకు లోటు లేదు. అక్కడ లేనిది నీలం ఒక్కటే. రెండవ దశ గుహలకు వచ్చేసరికి పాత రంగులన్నీ అలాగే ఉండి, వాటితో నీలం చేరింది.

ఆ నీలం రాజావర్త శిల నుంచి వచ్చింది. లాపిస్ లాజులి అని ప్రసిద్ధమైన ఈ రాయికి ప్రాచీన ప్రపంచంలో ప్రధాన ఆకరం నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండలు. సింధు ముఖద్వారంలోని బార్బరికం రేవు నుంచి ఎగుమతి అయిన సరుకులలో ఈ రాయి కూడా ఉన్నట్లు క్రీ.శ. 1వ శతాబ్ది నాటి పెరిప్లస్ పేర్కొంటుంది. ప్రతిష్ఠానాన్ని ఉజ్జయినితోనూ భరుకచ్ఛంతోనూ కలిపే మార్గాలకు అజంతా చేరువలోనే ఉంది. రాయి చేతికి వచ్చినంత మాత్రాన రంగు సిద్ధం కాదు. మరీ మెత్తగా నూరితే నీలం వెలిసి బూడిదవన్నెకు దిగుతుంది. గరుకుగా ఉంచితే రంగు నిలుస్తుంది గాని గోడకు సరిగా అంటదు. అజంతా చిత్రాలను కుడ్యచిత్రాలనడం సరియే గాని, తడి సున్నంపై వేసే ఫ్రెస్కోలనడం పొరపాటు. వరిపొట్టు, నారపీచు కలిపిన మట్టిపూత మీద పలుచని తెల్లపూత వేసి, అది ఆరిన తరువాత బంకతో కలిపిన రంగులను దిద్దారు. ఆ బంక పట్టు సడలినచోట రంగు పొడిగా రాలిపోతుంది.

నీలం రాకను అభిరుచి వికాసంగా వర్ణించడం తేలిక. ఇంచుమించు అదే కాలంలో సింహళంలో కాశ్యపుని సిగిరియా శిలపై చిత్రించిన స్త్రీమూర్తులు ఆ వాదనకు అడ్డు తగులుతాయి. అక్కడ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు ఉన్నాయి, నీలం లేదు. పోషకుడు రాజు, చిత్రకారుల నైపుణ్యానికి వంక పెట్టలేము. సింహళానికి సముద్ర వాణిజ్యం కొరత కాదు గనుక దూరం ఒక్కటే కారణమనడమూ చెల్లదు. బహుశా పనివారి బృందాలు తమకు అలవాటైన రంగులనే వెంట తెచ్చుకున్నాయి. ఉత్తరాన మధ్య ఆసియాలోని కిజిల్ గుహలలో ఇదే రాతినీలం నేపథ్యమంతటా ధారాళంగా పరచుకుంది. అజంతా ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. అక్కడ నీలం ఉంది, కాని పొదుపుగా.

ఆ పొదుపులోనే రంగుల కూర్పు తెలుస్తుంది. 1, 2 గుహల పైకప్పు పలకలలో పూలు, పక్షుల నడుమ నీలం ఎరుపుకు ఎదురుగా మెరుస్తుంది. కథాచిత్రాలలో భూమికను ఎరుపు, ఆకుపచ్చ, గోధుమవన్నెలే మోస్తాయి. లేతవన్నె దేహం వెనుక ముదురు భూమిక, నల్లని దేహం పక్కన బంగారు దేహం ఉంచడం ఈ చిత్రకారుల పద్ధతి. 1వ గుహలో పద్మపాణి మేలిమి ఛాయకు పక్కనే శ్యామవర్ణ స్త్రీమూర్తి ఉండటం దీనికి చక్కని ఉదాహరణ. నాట్యశాస్త్రం శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, రౌద్రానికి ఎరుపు అని రసానికొక వర్ణం చెప్పింది. ఆ పట్టికను తెచ్చి అజంతా గోడలకు అన్వయించే వ్యాసాలు తరచుగా వస్తుంటాయి. అవి నిలవవు. ఒకే సభలో కూర్చున్నవారి మేనిఛాయలు పలురకాలుగా ఉండటానికి రసభేదం కన్నా, గుంపులో రూపం వేరుపడాలన్న అవసరమే బలమైన కారణం. అంతకన్నా ఉపయోగపడేది విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం. సున్నం, హరిదళం, ఇంగిలీకం, లక్క, నీలిమందులతో పాటు రాజావర్తాన్ని కూడా అది రంగు ద్రవ్యంగా లెక్కించింది. నీలిమందు దేశమంతటా దొరుకుతున్నా రాతినీలాన్ని విడిగా పేర్కొన్నదంటే, చిత్రకారులకు ఆ రెండూ ఒకటి కావన్నమాట.

నేడు చూపరికి కనిపించే రంగుల కూర్పు మాత్రం 5వ శతాబ్దిది కాదు. 19వ శతాబ్దిలో నకళ్లు తీసినవారు కొన్నిచోట్ల చిత్రాలకు వార్నిషు పూశారు. 1920-22లో నిజాం ప్రభుత్వం ఆహ్వానించిన ఇటలీ నిపుణులు చెక్కోని, ఓర్సినీ, రాలిపోతున్న రంగును నిలపడానికి లక్క పూత వాడారు. వారు ఊడిపోయే పూతను గోడకు అంటించి కాపాడినమాట నిజం; ఆ సేవను తక్కువ చేయరాదు. కాని లక్క కాలక్రమంలో పసుపెక్కి నల్లబడింది. పసుపు పొర కింద తెలుపు దంతవన్నెగా, నీలం ఆకుపచ్చగా కనిపిస్తాయి. అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయేది ఆ పొదుపైన నీలమే. ‘అజంతా గోధుమవన్నె’ అని పేరుపడి చీరలకూ పుస్తకాల అట్టలకూ పాకిన కూర్పులో చాలాభాగం పాతబడిన వార్నిషు వన్నె.

అందువలన నకళ్ల తేదీకి విలువ ఏర్పడింది. రాబర్ట్ గిల్ 1844 నుంచి తీసినవి 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో చాలావరకు పోయాయి. జాన్ గ్రిఫిత్స్, బొంబాయి కళాశాల విద్యార్థులు 1872-85 మధ్య తీసినవాటిలోనూ పెద్దభాగం మరో అగ్నిప్రమాదానికి ఆహుతైంది. 1909-11లో క్రిస్టియానా హెరింగ్‌హామ్ వెంట నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్‌లతో పాటు హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ కాజీ పనిచేశారు. ఇవి ఇటలీ నిపుణుల లక్క పూతకు ముందరివి. గులాం యాజ్దానీ 1930 నుంచి వెలువరించిన సంపుటాలలోని వర్ణఫలకాలు ఆ పూత తరువాతివి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని అజంతా నకళ్లను ఈ వరుసలో పెట్టి, ఏది పూతకు ముందుదో ఏది తరువాతిదో గుర్తించి, నీలం ఉన్న ప్రతి చోటును గోడతో సరిపోల్చడం చేయదగిన పని. పురావస్తు సర్వేక్షణ శాఖ 10వ గుహలో మసినీ వార్నిషునూ తొలగించినచోట్ల పాత రంగులు తిరిగి బయటపడ్డాయి. తక్కిన గుహలలో ఆ పని సాహసమే. బంక బలహీనమైన చోట లక్కతో పాటు రంగు కూడా ఊడివస్తుంది, ఊడివచ్చిన రాతినీలాన్ని మళ్లీ గోడకు చేర్చే మార్గం లేదు.