ఐదు సెంట్ల పెంపు, కౌలూన్‌లో అల్లర్లు: హాంకాంగ్ స్టార్ ఫెర్రీ చరిత్ర

హాంకాంగ్ దీవికీ, ఎదురుగా ఉన్న కౌలూన్ తీరానికీ మధ్య విక్టోరియా హార్బర్ ఉంది. దీన్ని దాటించే ఆకుపచ్చ, తెలుపు పడవలు స్టార్ ఫెర్రీ కంపెనీవి. ప్రయాణం సుమారు పది నిమిషాలే.

పునాది వేసింది మన దేశం నుంచి వెళ్లిన పార్సీ వ్యాపారి దొరాబ్జీ నౌరోజీ. వంటవాడిగా బతుకు మొదలుపెట్టి, తర్వాత రొట్టెల వ్యాపారంలో, హోటళ్లలో ఎదిగారని చెబుతారు. 1888లో కౌలూన్ ఫెర్రీ కంపెనీ పెట్టారు. 1898లో ఇది చేతులు మారి స్టార్ ఫెర్రీ అయింది. మార్నింగ్ స్టార్, ఈవెనింగ్ స్టార్ లాంటి తొలి పడవల పేర్ల నుంచే కంపెనీ పేరు వచ్చింది. ఇప్పటికీ ప్రతి పడవ పేరు చివర 'స్టార్' ఉంటుంది.

పడవలు ఎలా ఉంటాయి?

మొదట్లో ఆవిరి పడవలు. 1933లో డీజిల్-ఎలక్ట్రిక్ పడవ వచ్చింది. నేటి పడవల్లో ఎక్కువ భాగం 1950, 60ల నాటివే. వీటికి ముందు, వెనుక అనేదే లేదు. రెండు కొసల నుంచీ నడపొచ్చు కాబట్టి రేవులో తిప్పే పని ఉండదు. సీట్ల వీపు భాగాన్ని కూడా ప్రయాణికులే అటూ ఇటూ మార్చుకోవచ్చు. పై డెక్ టికెట్ కంటే కింది డెక్ టికెట్ చౌక.

ఐదు సెంట్ల గొడవ

1965లో ఫస్ట్ క్లాస్ చార్జీని 20 సెంట్ల నుంచి 25కి పెంచాలని కంపెనీ అడిగింది. సెకండ్ క్లాస్ జోలికి పోలేదు. అయినా, ఇది పెరిగితే మిగతా ధరలూ పెరుగుతాయని జనం భయపడ్డారు. 1966 ఏప్రిల్ 4న సో సౌ-చుంగ్ అనే యువకుడు రేవు దగ్గర నిరాహార దీక్షకు కూర్చున్నాడు. పోలీసులు అరెస్టు చేయడంతో కౌలూన్ అట్టుడికింది. ఒకరు చనిపోయారు, వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. గొడవ టికెట్ మీద మొదలైనా, దాని వెనుక చాలీచాలని బతుకుల కోపం ఉంది.

ఇప్పుడు

1972లో హార్బర్ కింద రోడ్డు సొరంగం, 1980లో మెట్రో రావడంతో ప్రయాణికులు తగ్గారు. 2006లో దీవి వైపు సెంట్రల్ రేవును మరో చోటికి మార్చి, పాత గడియారం టవర్‌ను కూల్చేసినప్పుడు నిరసనలు జరిగాయి. కోవిడ్ కాలంలో కంపెనీ నష్టాల్లో పడింది. 2023లో చార్జీలు పెరిగాయి. టికెట్లతో పాటు రేవు దుకాణాల అద్దెలు, ప్రకటనల ఆదాయం కూడా దీనికి ఆధారం.

ప్రస్తుతం కౌలూన్‌లోని చిమ్ షా చూయ్ నుంచి సెంట్రల్‌కు, వాన్ చాయ్‌కు పడవలు నడుస్తున్నాయి. చిమ్ షా చూయ్‌లో దిగితే నడక దూరంలోనే నాథన్ రోడ్డుపై కౌలూన్ మస్జిద్ ఉంటుంది. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని ముస్లిం సిపాయిల కోసం 1896లో కట్టిన మస్జిద్ స్థానంలో 1984లో నేటి కట్టడం వచ్చింది. హాంకాంగ్ వెళ్లేవారు నమాజుకూ, పడవ ప్రయాణానికీ ఒకే పూటలో వీలు చూసుకోవచ్చు.