పేరు పెట్టుకునే హక్కు

బిడ్డ పుడితే చాలు, మనిళ్ళల్లో పేరు కోసం ఎంత హడావుడి! తాతగారి పేరే పెట్టాలని ఒకరు, నక్షత్రం ప్రకారం అక్షరం కుదరాలని ఇంకొకరు. చివరికి పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి చేత ఉంగరంతో ఆ పేరు రాయిస్తారు. “ఈ అక్షరం మా లిపిలో లేదు, ఈ పేరు చెల్లదు” అని ఏ ఆఫీసు గుమాస్తా అయినా అంటాడేమోనన్న బెంగ మనకెన్నడూ లేదు. టర్కీలో కుర్దు తల్లులకి ఏళ్ళ తరబడి ఆ బెంగ ఉండేది.

కుర్దులు మనకి బొత్తిగా తెలియని వాళ్ళేం కాదు. క్రూసేడ్ యుద్ధాల పాఠంలో జెరూసలేంని గెలిచిన సలాదీన్ గురించి చదువుకున్నాం కదా, ఆయన కుర్దే. ఇవాళ వాళ్ళ సంఖ్య 3 కోట్లకు పైమాటేనని అంచనా. అంతమందీ టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియాల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. సొంత దేశమంటూ లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో టర్కీ సుల్తాను ఓడిపోయాక, 1920లో సెవ్ర్ సంధిలో కుర్దులకి స్వపరిపాలన ఇస్తామని అగ్రరాజ్యాలు రాసిచ్చాయి. మూడేళ్ళు తిరక్కుండానే, 1923లో లోజాన్‌లో ఇంకో సంధి జరిగింది. అందులో కుర్దుల ఊసే లేదు!

కొత్తగా ఏర్పడ్డ టర్కీ రిపబ్లిక్కులో అందరూ టర్కులే అన్నారు. కుర్దులనే జాతే లేదనీ, వాళ్ళు ‘కొండ టర్కులు’ మాత్రమేననీ ప్రచారం చేశారు. 1928లో అక్కడ రోమన్ లిపి వచ్చింది. అందులో క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అక్షరాలు లేవు. కుర్దు మాటలకేమో అవి కావాలి. అంచేత ఆ అక్షరాలున్న పేర్లు రిజిస్టరులో ఎక్కేవి కావు. మన ఉగాది రోజుల్లోనే వచ్చే వాళ్ళ సంవత్సరాది పండుగ పేరులోనూ డబ్ల్యూ ఉంది. పండుగనాడు ఆ అక్షరాలు రాసిన అట్టలు పట్టుకున్నారని 2005లో 20 మందికి కోర్టు జరిమానా వేసింది. అక్షరాలకి కూడా భయపడే ప్రభుత్వాలుంటాయన్నమాట!

1980లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక మరీ కష్టకాలం వచ్చింది. దియార్‌బకిర్ జైల్లో ఉన్న కొడుకుల్ని చూడటానికి పల్లెల నుంచి తల్లులు వచ్చేవారు. టర్కిష్‌లోనే మాట్లాడాలని ఆంక్ష. ఆ భాష రాని తల్లి ఏం చేస్తుంది? “తిన్నావా నాయనా?” అని అడగటానిక్కూడా నోరు లేక, చూసినంతసేపు చూసి వెళ్ళిపోయేది.

ఆ జైలు గుమ్మం దగ్గర రాటుదేలిన ఇల్లాలే లైలా జానా. చిన్నతనంలోనే పెళ్ళయింది. పెద్దగా చదువుకోలేదు. దియార్‌బకిర్ మేయరుగా ఉన్న భర్తని జైల్లో పెట్టాకే ఆమె టర్కిష్ నేర్చుకుంది, పరీక్షలు రాసింది. 1991లో పార్లమెంటుకి ఎన్నికైంది. ప్రమాణస్వీకారం టర్కిష్‌లోనే చేసి, చివర ఒక్క వాక్యం మాత్రం కుర్దు భాషలో చెప్పింది. టర్కులూ కుర్దులూ అన్నదమ్ముల్లా ఉండాలని ఆ వాక్యం సారాంశం. సభ అట్టుడికిపోయింది. 1994లో, సాయుధ సంస్థలో సభ్యురాలన్న నేరం మీద 15 ఏళ్ళ శిక్ష వేశారు. మరుసటి ఏడు యూరోపియన్ పార్లమెంటు ఆమెకి సఖారోవ్ బహుమతి ఇచ్చింది. విడుదలయ్యేసరికి 2004 వచ్చింది.

ఈ మధ్యలో రక్తం కూడా చాలా పారింది. 1984లో కుర్దు గెరిల్లాలు మొదలుపెట్టిన పోరులో సుమారు 40 వేల మంది పోయారు. టర్కు తల్లులూ ఏడ్చారు, కుర్దు తల్లులూ ఏడ్చారు. ఆ గెరిల్లా సంస్థ తనని తాను రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించింది 2025లో.

కొంత మార్పు రాలేదనను. 2009లో కుర్దు భాషలో ప్రభుత్వ టీవీ ఛానెల్ వచ్చింది. 2012లో బళ్ళో ఐచ్ఛిక పాఠంగా కుర్దు భాషని చేర్చారు. 2013లో ఆ మూడక్షరాలకీ విముక్తి దొరికింది. కానీ మాతృభాషగా టర్కిష్ తప్ప మరో భాష బళ్ళో నేర్పకూడదన్న మాట రాజ్యాంగంలో ఇంకా అలాగే ఉంది.

ఇరాక్‌లో 1988లో హలబ్జా ఊరి మీద విషవాయువు చల్లితే వేలమంది ప్రాణాలు పోయాయి. అదే ఇరాక్ 2005 రాజ్యాంగంలో అరబీతో పాటు కుర్దు భాషనీ అధికారభాష చేసింది. అంటే, మనసుంటే చేయొచ్చన్నమాట. ఆ ఒక్క మాటతో దేశమేమీ ముక్కలైపోలేదు.

ఇరాన్ సంగతి చూడండి. తలమీద ముసుగు సరిగా లేదని పోలీసులు పట్టుకెళ్ళిన 22 ఏళ్ళ కుర్దు అమ్మాయి 2022లో వాళ్ళ నిర్బంధంలో ప్రాణం విడిచింది. ప్రపంచమంతా ఆమెని మహ్సా అమీనీ అంది, కాగితాల్లో ఉన్న పేరు అది మరి. ఇంట్లో వాళ్ళు పిలుచుకున్న కుర్దు పేరు జీనా. ఆమె కోసం వీధుల్లోకొచ్చిన ఆడపిల్లలు “జిన్, జియాన్, ఆజాదీ” అని కుర్దు భాషలోనే నినదించారు. స్త్రీ, జీవితం, స్వేచ్ఛ అని అర్థం. కుర్దు భాష రాని వాళ్ళు కూడా ఆ మాటలు నేర్చుకుని మరీ అరిచారు.

ఆమె సమాధి రాతి మీద మాత్రం కన్నవాళ్ళు జీనా అనే చెక్కించారు.