పటం గీసినవాళ్లు, గీయించినవాళ్లు

ఉత్తర తెలంగాణ కళల చరిత్ర రాసేవాళ్లకు మూడు మజిలీలు అలవాటయ్యాయి. బొమ్మలకు నిర్మల్, పటాలకు చేర్యాల, వెండి ఫిలిగ్రీకి కరీంనగర్. కరీంనగర్ నుంచి వరంగల్ పోయే తొవ్వలో ఉన్న హుజూరాబాద్ దగ్గర ఎవరూ ఆగరు. పేరుపడ్డ చేతిపని లేని ఊరికి కళాచరిత్రలో ఏం పని అన్నది వాళ్ల లెక్క. కళ అంటే చేసిన చెయ్యి ఒక్కటే అనుకుంటే ఆ లెక్క సరైనదే. కానీ ఈ నేల మీద బొమ్మ గీసినవాళ్ల కంటే గీయించుకున్నవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్లు హుజూరాబాద్, జమ్మికుంట, వీణవంక, కమలాపూర్ లాంటి చోట్ల మగ్గం నేస్తూ, తాళ్లెక్కుతూ, చెరువుల్లో చేపలు పడుతూ, గొర్లు కాస్తూ బతికినవాళ్లు. నేను వాదించేది ఇదే: ఇక్కడ చిత్రకళను నిలబెట్టిన సంఘం చిత్రకారుల సంఘం కాదు. గీసేవాడు, కథ చెప్పేవాడు, వినే కులం ముగ్గురూ కలిసిన కట్టు అది. తర్వాత వచ్చిన కళాసంఘాలు, సహకార సంఘాలు ఆ ముగ్గురిలో ఒక్కడినే చేర్చుకున్నాయి. వాటి సగం విజయానికీ సగం ఓటమికీ కారణం అక్కడే ఉంది.

ఆ కట్టు నడిచిన తీరు చూడాలి. తెలంగాణలో చాలా వృత్తి కులాలకు తమ పుట్టుక కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉండేది. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేవాళ్లు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ, గౌడులకు గౌడజెట్టీలు గౌడ పురాణం, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెప్పేవాళ్లు. రజకుల మడేలు పురాణానికీ చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. గొల్లల కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లు పటానికి బదులు రంగుల బొమ్మలు పెట్టుకుని చెప్పేవాళ్లు. ఎవరు ఏ ఊళ్లకు పోవాలో పంపకాలుండేవి. మిరాశీ ఊళ్లు తండ్రి నుంచి కొడుక్కు వచ్చేవి. ఊరికి వచ్చిన కథకుడు కొన్ని రాత్రుల పాటు పటం విప్పుతూ, కర్రతో ఒక్కో బొమ్మనూ చూపుతూ కథ నడిపించి, ఆ కులం దగ్గర వడ్లో పైసలో త్యాగంగా పుచ్చుకుని పోయేవాడు. పటం గీసేది మాత్రం వేరొకరు, నకాశీలు. హుజూరాబాద్ సాలెవాడలో కూర్చున్న మనిషికి చేర్యాల నకాశీ పేరు తెలియకపోవచ్చు. కానీ అతనిచ్చిన వడ్లూ పైసలే కథకుడి చేతి మీదుగా ఆ నకాశీకి చేరేవి.

నకాశీ పనిలో సగం రంగు పట్టకముందే అయిపోతుంది. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతల మీద పూతలు వేసి ఆరబెడితేనే అది చుట్టినా విప్పినా పగలని పటమవుతుంది. మూడడుగుల వెడల్పు, ముప్పై నుంచి అరవై అడుగుల పొడవు మామూలే. తలకట్టులో వినాయకుడు, సరస్వతి. కింద అడ్డపట్టీలుగా వరసబెట్టి ఘట్టాలు, పట్టీకీ పట్టీకీ నడుమ పూల అంచు, వెనక అంతటా ఎరుపు. ఇంగిలీకం, హరిదళం, నీలి, దీపపు మసి నూరుకుని ఉడుత వెంట్రుకల కుంచెతో దిద్దిన పని అది. ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి చిరిగిపోయిన పటాన్ని పారేసేవాళ్లు కాదు, పూజ చేసి నీళ్లలో కలిపి కొత్తది గీయించుకునేవాళ్లు. పాతవి అంత తక్కువగా మిగలడానికి ఈ ఆచారం కూడా ఒక కారణం. జగదీశ్ మిత్తల్ హైదరాబాద్‌లో సేకరించినవాటిలో 1625 నాటిదిగా లెక్కగట్టిన పద్మశాలీల పటం ఉంది కాబట్టి ఈ పనికి నాలుగు వందల ఏళ్ల వయసు ఉందని ధైర్యంగా అనగలుగుతున్నాం.

దీనికి కళాశాలల్లో చదివినవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. కథ ముందే ఖాయం, రంగు ఖాయం, వరస ఖాయం. ఇందులో కళాకారుడి దారి ఎక్కడుంది, ఇది తరతరాల నకలే కదా అని. పటాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మాట నిలవదు. ఒకే నకాశీ ఇంట్లో ఈ నెల పద్మశాలీల పటం, వచ్చే నెల మాదిగల పటం తయారయ్యేవి. ఒకదానిలో లోకం మొదటి బట్ట నేసినవాడితో మొదలవుతుంది, ఇంకోదానిలో భూమి పుట్టకముందే జాంబవుడు ఉన్నాడు. ఒకదానికొకటి పొసగని ఇన్ని సృష్టికథలను ఒక్క మనిషి కంఠతా పట్టి, దేనికి తగ్గ ముఖం, దేనికి తగ్గ జంతువు, ఎక్కడ జనం గుంపు, ఎక్కడ ఒంటరి దేవత అన్నది తేల్చుకోవాలి. అంతేకాదు, రాత్రిపూట దీపం వెలుగులో, దూరంగా కూర్చున్నవాడికి కూడా ఆనాలి. గీత ఎందుకంత తెగువగా ఉందో, ఎరుపు ఎందుకంత నిండుగా ఉందో అర్థం కావాలంటే పటాన్ని గోడ మీద కాదు, ఊరి నడుమ చూడాలి. బట్టల తీరు, తలపాగాలు, ఆయుధాలు కాలం వెంట మారుతూ వచ్చాయి కాబట్టే పండితులు వాటిని చూసి పటాల వయసు కట్టగలుగుతున్నారు. నకలే అయితే ఆ మార్పు రాదు. కీర్తన తంగవేలు 1998లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఈ పటపురాణాల మీదే సిద్ధాంతగ్రంథం సమర్పించారు. పటాన్ని, కథకుణ్ని, వినే కులాన్ని విడదీయకుండా చూసిన పనుల్లో అది ముఖ్యమైనది.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది. నువ్వు పొగుడుతున్న కట్టు కులం కట్టే కదా, డక్కలివాడు మాదిగవాడల మీద ఆధారపడి, ఊళ్లో ఇంకెవరూ దగ్గరికి రానియ్యక బతికిన బతుకును కళాపోషణ అని ఎట్లా అంటావు అని. ఈ మాటకు ఎదురు చెప్పలేను, చెప్పను కూడా. మిరాశీ అన్నది హక్కే గాని ఆ హక్కును దాటి పోనివ్వని గోడ కూడా అదే. కథకుడి కొడుకు కథకుడే కావాలి. అయితే అదే పద్ధతిలో ఇంకో సంగతి ఉంది. ఊరు అంటరానివాళ్లని పక్కన పెట్టిన కులం తన సొంత పురాణాన్ని, తానే మొదటివాణ్ననే పురాణాన్ని, అదే నకాశీ చేత, అదే ఎరుపు మీద గీయించుకోగలిగింది. గుడి గోడ మీద బొమ్మకు ఆ కులానికి అనుమతి లేదు, పటం మీద ఉంది. రాజు, గుడి కాకుండా చేతిపనివాళ్లూ కూలివాళ్లూ సొంతంగా చిత్రాలు గీయించుకున్న చోట్లు మన చరిత్రలో ఎక్కువ లేవు. కులాన్ని తిరిగి తెమ్మని ఎవరూ అడగనక్కర్లేదు. కానీ బొమ్మను అడిగే హక్కు అట్టడుగు దాకా ఉండేదన్న నిజాన్ని కులంతో పాటు పాతిపెట్టడం కూడా సరికాదు.

ఆ అడిగే హక్కు ఎట్లా పోయిందో చెప్పడానికి చేర్యాల కంటే సాలెవాడే మంచి సాక్షి. టీవీ వచ్చింది, సినిమా వచ్చింది, పటం కథ పోయింది అనడం తేలిక. అది అబద్ధం కాదు, కానీ టీవీ రాకముందే దెబ్బ పడింది. చేమగ్గం మీద బతికిన పద్మశాలీ కుటుంబాలు మరమగ్గం దెబ్బకు ఇరవయ్యో శతాబ్దంలో కరీంనగర్ జిల్లా ఊళ్లు విడిచి షోలాపూర్‌కు, భివండీకి, సూరత్‌కు కూలికి పోయాయి. సిరిసిల్లలో మిగిలినవాళ్లు మరమగ్గాల కిందికే చేరారు. ఊళ్లలో ఉండిపోయినవాళ్లు సహకార సంఘాల్లో చేరి ఆప్కో కొంటుందా కొనదా అని ఎదురుచూడాల్సి వచ్చింది. అట్లాంటి వాడకు కూనపులివాడు పటం మోసుకొచ్చి నాలుగు రాత్రులు కథ చెబితే త్యాగం ఎవరిస్తారు? త్యాగం తగ్గితే అతను కొత్త పటం అడగడు, చినిగిందాన్నే అతుకేసుకుంటాడు. అడగకపోతే నకాశీ కుంచె పక్కన పెడతాడు. నేతగాడి మగ్గం ఆగడానికి, చిత్రకారుడి పటం ఆగడానికి నడుమ ఇంత దగ్గర దారి ఉంది. చిత్రకళ చరిత్రలో భివండీ పేరు కనపడకపోవడం నాకు వింతగా తోస్తుంది.

ఈ ఖాళీలోకే కొత్తరకం సంఘాలు వచ్చాయి. అన్నింటికంటే ముందు చూడాల్సింది నిర్మల్. అక్కడి నకాశీలు పొనికి కర్రతో, చింతగింజల ముద్దతో బొమ్మలు చేసేవాళ్లు. నిజాం పాలన చివరి దశాబ్దాల్లో లేడీ హైదరీ ఆ పనిమీద మనసుపడి నిర్మల్ పనివాళ్లకు హైదరాబాద్‌లో చోటు చూపించింది. 1955లో నిర్మల్‌లో బొమ్మల తయారీదార్ల సహకార సంఘం ఏర్పడింది. సంఘం కర్ర తెచ్చిపెట్టింది, పని చేసుకునే చోటు చూపింది, సరుకు ప్రభుత్వ ఎంపోరియంలకు, అంటే అప్పట్లో లేపాక్షికి, రాష్ట్రం వచ్చాక గోల్కొండకు, పోయే దారి వేసింది. ఇదంతా మేలే. అయితే నిర్మల్ చిత్రాల్లో ఏముందో చూడండి. నల్లటి చెక్క మీద బంగారు గీతలతో అజంతా స్త్రీలు, మొగలు పద్ధతి వనితలు. అజంతా ఆనాడు నిజాం రాజ్యంలోదే, హైదరాబాద్ పెద్దింటివాళ్లకు అభిమానమైన గుహలు అవి. పక్షులు, పండ్లు డ్రాయింగు రూములకు. నిర్మల్ ఊరి కథ, ఆదిలాబాద్ అడవి కథ ఆ చెక్కల మీద వెతికితే కష్టంగా దొరుకుతుంది. పనివాడికి నైపుణ్యం తగ్గలేదు. అడిగినవాడు మారాడు, బొమ్మ మారింది. చేర్యాలలోనూ అదే జరిగింది. అరవై అడుగుల కథ నుంచి ఒక్క ఘట్టం తెగి ఫ్రేములోకి వచ్చింది. దేవతల బదులు కల్లు దించే గౌడు, బతుకమ్మ ఆట, మగ్గం నేసే మనిషి వచ్చారు. ఒకప్పుడు పటం గీయించుకున్నవాడు ఇప్పుడు పటంలో బొమ్మ అయ్యాడు. కొనేవాడు ఇంకెక్కడో ఉన్నాడు.

సంఘాలూ, హస్తకళల బోర్డులూ, సేకర్తలూ లేకపోతే ఈ పని ఏనాడో అంతరించేది, ఆ మాట ఒప్పుకోకుండా విమర్శ ఎందుకు అని మూడో వాదన. పూర్తిగా ఒప్పుకుంటాను. దనాలకోట ఇంటివాళ్లు చేర్యాల గీతను ఈనాటి దాకా పట్టి నిలిపారు, జాతీయ అవార్డులూ పొందారు. రంగు నూరుకోకుండా సీసాలోది వాడితే తప్పుపట్టే హక్కు కొనేవాళ్లకెవరికీ లేదు, ఆ కూలి గిట్టుబాటు ఎంతో చూసేవాళ్లకు తెలుసు. నా ఫిర్యాదు బతికించినందుకు కాదు, సగమే బతికించి పూర్తయిందనుకున్నందుకు. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చింది, 2003లో అమలైంది. ఆ దశాబ్దం రెండో సగంలో చేర్యాల చిత్రాలకు, నిర్మల్ బొమ్మలకు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి గుర్తింపు దక్కింది. చట్టం తయారుచేసేవాణ్ని గుర్తిస్తుంది, ఊరిని గుర్తిస్తుంది. కూనపులివాణ్ని, డక్కలివాణ్ని గుర్తించే గడి దానిలో లేదు. పటం వాళ్లకోసం పుట్టిందన్న సంగతి చట్టం దృష్టికి రాదు. ఫిలిగ్రీకి ఈ లోటు తగలదు. వెండి పన్నీరుబుడ్డిని కొనేవాడు ఎవరైనా పన్నీరు చల్లుకోవచ్చు. పటాన్ని కొన్నవాడు కథ చెప్పలేడు.

పట్టణాల్లో చదువుకున్న చిత్రకారులు కట్టుకున్న సమాజాల సంగతి వేరు. రాజమహేంద్రిలో దామెర్ల రామారావు 1925లో పోయాక మిత్రులూ శిష్యులూ ఆయన పేరును, చిత్రశాలను కాపాడుకున్న తీరు తెలుగునాట కళాసంఘానికి మంచి ఉదాహరణ. మన వైపు సిద్దిపేటలో కాపు రాజయ్య లలితకళా సమితి పెట్టారు. 1925లో పుట్టి 2012 దాకా బతికిన ఆయన నకాశీ గీతను పక్కనే చూస్తూ పెరిగిన మనిషి. బోనాలను, వడ్డెర స్త్రీలను, పొలాలను ఆ గీతతోనే కాగితం మీదికి తెచ్చారు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం హైదరాబాద్‌లో, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివి వచ్చి, ఊళ్లోకి వచ్చిన ఆటగాళ్లలో ఆడవేషం కట్టిన మగవాళ్లను తన చిత్రాలకు మూలంగా చెప్పుకున్నారు. బి. నర్సింగరావు ‘దాసి’ సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ అవార్డు తెచ్చుకున్నదీ ఆయనే. ఈ ఇద్దరి దారీ నా వాదనకు ఎదురు అనిపించవచ్చు, ఎందుకంటే వాళ్లను ఏ కులమూ అడగలేదు, సొంతంగా గీశారు. కానీ వాళ్లకు సరుకు ఎక్కడిది? ప్రేక్షకుడిగా కూర్చున్న ఊరిది. చూసినవాడే గీసినవాడయ్యాడు, మూడో మనిషి మొదటి మనిషి స్థానంలోకి వచ్చాడు. రాత్రి ఆట లేని ఊళ్లో పుట్టినవాడికి ఆ ఎరుపు దొరకడం కష్టం.

రాజస్థాన్‌లో ఫడ్ పటాలదీ ఇలాంటి కట్టే. అక్కడ గీసేది భిల్వాడా వైపు జోషీలు, పాబూజీ కథ పాడేది భోపాలు, వినేది పశువుల కాపర్లు. అక్కడా చిన్న ఫ్రేములు అమ్ముడుపోతున్నాయి, పాడేవాళ్లు తగ్గుతున్నారు. కాబట్టి ఇది చేర్యాల చేతకానితనం కాదు, సంఘం అంటే తయారీదార్ల జాబితా అని అనుకున్న చోటల్లా వచ్చే ఫలితం. ఇప్పుడు ఎవరు వింటారు అన్న ప్రశ్నకు అంకెలతో జవాబు నా దగ్గర లేదు. కానీ షోలాపూర్‌లో, భివండీలో స్థిరపడ్డ పద్మశాలీలు మార్కండేయ గుళ్లు కట్టుకున్నారు, ఊరేగింపులు తీస్తున్నారు, కులసంఘాలు నడుపుకుంటున్నారు. హుజూరాబాద్ నుంచి, సిరిసిల్ల నుంచి పోయిన ఆ కుటుంబాల వారసులకు తమ పురాణం మీద మనసు చావలేదు. గుడి ఉత్సవానికి ఒక పూర్తి పటం, దానితో పాటు నాలుగు రాత్రుల కథకు ఒక కూనపులి కుటుంబం అని ఆ సంఘాలు ఒక్కసారి ఆర్డరు పెడితే, చేర్యాలలో అరవై అడుగుల గుడ్డకు మళ్లీ సుద్ద పూయాల్సి వస్తుంది. ఎంపోరియం అలాంటి ఆర్డరు ఎన్నడూ పెట్టలేదు, పెట్టడం దాని పనీ కాదు.