బొబ్బిలి వీణ – శిల్పుల చరిత్ర

ఒక గ్రామము పేరు వినగనే ఒక చేతిపని జ్ఞప్తికి వచ్చుట ఆ గ్రామమునకు గౌరవము. ఆత్రేయపురమనగా పూతరేకులు. వానికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు పూర్వమే అట్టి గుర్తింపు పొందిన తెలుగువారి శిల్పము బొబ్బిలి వీణ.

వీణానాదము గోదావరీసీమకు క్రొత్తది కాదు. ఈమని శంకరశాస్త్రి 1922లో ద్రాక్షారామమున జన్మించెను. ఆయన శిష్యుడు చిట్టిబాబు 1936లో కాకినాడలో జన్మించెను. ఈ వైణికుల పేర్లు లోకమెఱుగును. వీణలు చెక్కిన చేతుల పేర్లు అడుగువారు మాత్రము అరుదు.

నేటి వీణకు 24 మెట్లు. స్థాయికి పండ్రెండు స్వరస్థానముల వంతున రెండు స్థాయిలు. ఈ కూర్పును తంజావూరు నేలిన రఘునాథనాయకుని (1600–1634) కాలమునకు చెందినదిగా సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన స్వయముగా తెలుగుకవి.

1757లో జరిగిన బొబ్బిలి యుద్ధగాథను బుఱ్ఱకథలో వినని పల్లె లేదు. ఆ బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి యను ఇంటిపేరుగల కుటుంబములు తరతరములుగా వీణలు చేయుచుండుట మాత్రము కొందఱికే తెలియును.

వారి వీణకు మూలము పనసమ్రాను. ఆ కొయ్య తేలికయైనది, నాదమును చక్కగా పలికించునది. బాగుగా ఆరిన దుంగను గొడ్డలితో రూపునకు తెచ్చి, ఉలితో కుండను, దండిని లోన తొలుతురు. ఈ రెండును ఒకే మ్రానునందు చెక్కబడినచో అది ఏకాండివీణ. అందు అతుకులేదు గనుక నాదమునకు అడ్డులేదు. కాని ఉలి ఒక్కమారు లోతు తప్పెనా, దినములకొలది చేసిన పని యంతయు వ్యర్థమగును. కుండపై పలుచని పలక కప్పి, దండి చివర యాళిముఖము తీర్చెదరు. పిదప బొగ్గుపొడి కలిపిన మైనముపై మెట్లు నిలిపెదరు. నాలుగు వాయించు తంతులు, మూడు తాళపు తంతులు బిగించి, చెవితో విని ఒక్కొక్క మెట్టును సరిచేయుదురు. ఇచ్చట కొలబద్దకంటె శ్రుతిజ్ఞానమే ప్రమాణము. కావున వీణాశిల్పి వడ్రంగి మాత్రమే కాడు, సంగీతజ్ఞుడు కూడ.

నేడు లావైన పనసమ్రాను సులభముగా దొరకదు. ఈ విద్య పట్టుబడుటకు ఏండ్లు పట్టును, ఆదాయము స్వల్పము. అందుచే బహుమానముగా ఇచ్చు చిన్న బొమ్మవీణలు అమ్మి శిల్పులు కుటుంబములను పోషించుకొనుచున్నారు. పలుకని ఆ చిన్నవీణలే పలికెడి పెద్దవీణలను బ్రదికించుచున్నవి.

పూర్వపు తాటాకు గ్రంథముల చివర కవితోపాటు వ్రాయసకాని పేరును కనబడుచుండును. అతడు శ్రమించి వ్రాయనిచో గ్రంథమే మనదాక వచ్చియుండదని పెద్దలెఱుగుదురు. వీణావిషయమునను ఆ న్యాయమే చెల్లవలెను. సభలో వైణికుని సత్కరించునాడు ఆ వీణ చేసిన శిల్పిని గూడ పేరెత్తి స్మరించు ఆచార మేర్పడినచో, తండ్రిచేతి ఉలిని అందుకొనుటకు కుమారుడు సంకోచింపడు.