చాక్లెట్ రేపర్ మీద 322: గుడ్డు సొన నుంచి మన సోయా చేను దాకా

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ దగ్గర చాక్లెట్ గానీ, క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్ గానీ ఉంటే వెనక్కి తిప్పండి. అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఫోన్ కెమెరాతో జూమ్ చేసుకోండి. చక్కెర, కోకో, పాలపొడి అన్నీ అయిపోయాక చాలా ప్యాకెట్ల మీద ఎమల్సిఫయర్, పక్కన 322 అనే నంబర్ కనిపిస్తుంది. కొన్నిటి మీద సోయా లెసిథిన్ అని పేరే రాసి ఉంటుంది. రెండూ ఒకటే కుటుంబం.

ఈ 322ని చూసి కెమికల్ అని భయపడేవాళ్లు ఉన్నారు, అసలు పట్టించుకోనివాళ్లూ ఉన్నారు. కానీ దీని చరిత్ర మన బాన్సువాడ చుట్టుపక్కల చేలదాకా వస్తుంది. ఎలాగో చూద్దాం.

ముందు ఇది చేసే పనేంటో తెలుసుకుందాం. చారులో తాలింపు వేస్తే నూనె పైనే తేలుతుంది కదా? ఎంత కలిపినా కాసేపటికి మళ్లీ విడిపోతుంది. నూనెకీ నీళ్లకీ పడదు. లెసిథిన్ ఈ రెండిటి మధ్య పెద్దమనిషి లాంటిది. దాని అణువుకి ఒక తల, రెండు తోకలు ఉంటాయి. భాస్వరం ఉన్న తల నీళ్లని పట్టుకుంటుంది, కొవ్వుతో చేసిన తోకలు నూనెని పట్టుకుంటాయి. అలా రెండిటినీ విడిపోకుండా ఉంచుతుంది. ఇలాంటి పని చేసేవాటినే ఎమల్సిఫయర్లు అంటారు. ముఖానికి రాసుకునే క్రీములో నూనె, నీళ్లు కలిసే ఉండడానికి కావలసిందీ ఇలాంటి పదార్థమే.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. 1840లలో పారిస్‌లో థియోడోర్ గోబ్లే అనే ఫార్మసిస్టు గుడ్డులోని పచ్చసొన మీద పరిశోధన చేస్తున్నాడు. అందులోంచి భాస్వరం ఉన్న ఒక కొవ్వుని వేరు చేశాడు. అలాంటిదే మెదడులోనూ, చేప గుడ్లలోనూ కనిపించింది. 1850లో దానికి లెసిథిన్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో లెకిథోస్ అంటే పచ్చసొన. అంటే ఈ పేరు పుట్టిందే గుడ్డులోంచి.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. గుడ్డు నుంచి లెసిథిన్ తీయడం ఖరీదైన పని. మందుల తయారీకి సరిపోతుందేమో గానీ, పిల్లలు కొనుక్కునే చాక్లెట్‌లో వేయాలంటే గిట్టుబాటు కాదు. అలా దాదాపు డెబ్భై ఏళ్లు గడిచాయి.

ఆ చిక్కు విడిపోయింది మురికి గుంటలో. నిజంగానే! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీ మిల్లులు మంచూరియా నుంచి సోయా గింజలు తెప్పించుకుని నూనె తీసేవి. ఆ ముడి నూనెలో 2 నుంచి 3 శాతం దాకా జిగురు ఉంటుంది. నిల్వ చేస్తే అది అడుగున బంకమట్టిలా పేరుకుంటుంది, కుళ్లితే వాసన. మిల్లు వాళ్లకి అది తలనొప్పి. 1920లలో హాంబర్గ్‌లోని హన్సా మ్యూలే కంపెనీలో హెర్మాన్ బోల్‌మాన్ ఆ జిగురుని శుభ్రంగా వేరు చేసి, ఆరబెట్టి, అమ్మే సరుకుగా మార్చే పద్ధతికి పేటెంట్లు తీసుకున్నాడు. ఆ జిగురులో ఉన్నది అచ్చం గోబ్లే గుడ్డులో చూసిన పదార్థమే.

పద్ధతి వినడానికి సింపుల్. వేడి నూనెలో కొంచెం నీళ్లు కలుపుతారు. లెసిథిన్ తల నీళ్లని పట్టుకుంటుంది కదా, అందుకని అది ఉబ్బి నూనెలోంచి బయటికి వస్తుంది. గిర్రున తిప్పే మెషిన్‌లో వేసి దాన్ని విడదీస్తారు, ఆరబెడతారు. దీన్నే డీగమ్మింగ్ అంటారు. ఇటు నూనె శుభ్రమవుతుంది, అటు అమ్ముకోవడానికి ఇంకో సరుకు వస్తుంది.

చాక్లెట్ కంపెనీలకి ఇది వరం అయింది. కరిగిన చాక్లెట్‌లో 0.3 నుంచి 0.5 శాతం లెసిథిన్ వేస్తే చాలు, ముద్దలా ఉన్నది జారుగా అవుతుంది. అదే పని కోకో బటర్‌తో చేయాలంటే చాలా ఎక్కువ వేయాలి, అది చాలా ఖరీదు. అంటే చాక్లెట్ చవక కావడంలో ఈ జిగురు వాటా కూడా ఉంది.

మన దేశంలో దీనికి ఇంకో కోణం ఉంది: పచ్చచుక్క. 2001 నుంచి ప్యాకెట్ల మీద శాకాహారం, మాంసాహారం గుర్తులు వేస్తున్నారు. మన రూల్స్ ప్రకారం గుడ్డు పడితే పచ్చచుక్క వేయకూడదు. మరి 322 అనే నంబర్ గుడ్డు లెసిథిన్‌కీ వర్తిస్తుంది, సోయాకీ, సన్‌ఫ్లవర్‌కీ వర్తిస్తుంది. కాబట్టి నంబర్ చూసి ఊరుకోకండి. పచ్చచుక్క ఉంటే అది గుడ్డుది కాదు. సోయా అలర్జీ ఉన్నవాళ్లు అలర్జీ లైన్ కూడా చదవండి, సోయా ఉంటే అక్కడ చెప్పాలన్నది రూల్.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. బాన్సువాడ అనగానే మనకి గుర్తొచ్చేది మంజీర, నిజాంసాగర్, వరి. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతాన్ని వడ్ల సీమగా మార్చింది. కానీ అక్కడి నుంచి పడమరకి, బిచ్కుంద, జుక్కల్, మద్నూర్ వైపు వెళ్తే నేల నల్లగా మారుతుంది. అక్కడ పత్తి, కంది, పెసర, మినుము, వాటితో పాటు సోయా. వానాకాలం తొలి వానలకి విత్తితే దాదాపు మూడు నెలలు దాటాక కోత. పక్కనే మహారాష్ట్రలో నాందేడ్ వైపు కూడా ఇదే పంట.

సోయా మన తాతల పంట కాదు. 1960లలో పంత్‌నగర్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీతో కలిసి దీని మీద పని చేశాయి. ముందు మధ్యప్రదేశ్‌లో విస్తరించింది. 1994లో విడుదలైన జేఎస్ 335 రకం దేశమంతా పాకింది. తెలంగాణలో పాత ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో స్థిరపడింది.

ఒక లెక్క వేద్దాం. క్వింటాల్ సోయాలో సుమారు 18 కిలోల నూనె ఉంటుంది. అందులోంచి వచ్చే లెసిథిన్ అర కిలోకి అటూ ఇటూ. అర కిలోనేనా అనిపిస్తుంది కదా? చాక్లెట్‌కి 0.5 శాతం చొప్పున వేస్తే, ఆ అర కిలో 100 కిలోల చాక్లెట్‌కి సరిపోతుంది. 40 గ్రాముల బార్లు అయితే 2,500!

చాక్లెట్ సంగతి పక్కన పెడదాం. 2021 గుర్తుందా? కరోనా రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ వచ్చింది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికి నోడల్ కేంద్రం చేశారు. లైపోసోమల్ యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం ఎన్ని కుటుంబాలు తిరిగాయో, వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో మీకు తెలుసు. అందులో లైపోసోమల్ అనే మాట వెనక ఉన్నదీ మన లెసిథినే. 1960లలో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగమ్ అనే శాస్త్రవేత్త లెసిథిన్ నీళ్లలో తనంతట తానే చిన్న చిన్న సంచుల్లా ముడుచుకుంటుందని చూపించాడు. ఆ సంచులే లైపోసోములు. యాంఫోటెరిసిన్‌ని నేరుగా ఇస్తే కిడ్నీలని బాగా దెబ్బతీస్తుంది. ఆ సంచుల్లో పెట్టి ఇస్తే దెబ్బ తగ్గుతుంది. మొదట మార్కెట్‌లోకి వచ్చిన యాంబిసోమ్‌లో ఆ సంచుల గోడ ముఖ్యంగా సోయా లెసిథిన్‌ని హైడ్రోజన్‌తో మార్చి చేసినదే. ఒకప్పుడు మిల్లు వాళ్లు వదిలించుకోవాలనుకున్న జిగురు, ఆ రోజు మనిషి ప్రాణానికి కావలసి వచ్చింది.

మరి గింజ పండించిన రైతుకేంటి? ఇదీ మాట్లాడుకోవాలి. మార్కెట్ యార్డులో సోయా ధర ప్రధానంగా నూనె, చెక్క రేట్లని బట్టే నడుస్తుంది. 2024–25కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాల్‌కి 4,892 రూపాయలు. ఆ సీజన్‌లో చాలా చోట్ల మార్కెట్ రేటు అంతకన్నా కిందే ఉంది. 2025–26కి అది 5,328 అయింది. తేమ ఎంత, తాలు ఎంత అని చూస్తారు గానీ, ఈ గింజలో మందుల కంపెనీలకి పనికొచ్చే సరుకు ఉందని ఆ తూకం దగ్గర ఎవరూ అనరు.

ఇంకో విషయం. మన దేశంలో జన్యుమార్పిడి సోయా సాగుకి అనుమతి లేదు. యూరప్‌లో మాత్రం జన్యుమార్పిడి లేని లెసిథిన్ కావాలని అడిగి కొనేవాళ్లున్నారు, మన దేశం అక్కడికి ఎగుమతి చేస్తుంది. అంటే మన నల్లరేగడి గింజకి ఒక ప్రత్యేకత ఉంది. ఆ ప్రత్యేకతకి తగిన ధర చేను దాకా రావాలంటే, ముందు ఆ సంగతి చేను దగ్గర ఉన్నవాళ్లకి తెలియాలి. మీ ఇంట్లో సోయా వేస్తే, ఈ రాత్రి అన్నం తినేటప్పుడు నాయనకి ఈ ముచ్చట చెప్పండి. రేపర్ కూడా చూపించండి.

చివరిగా ఒకటి. నూనె తీశాక మిగిలే సోయా చెక్క ఎక్కడికి పోతుందో తెలుసా? చాలావరకు కోళ్ల దాణాలోకి. ఆ కోడి పెట్టే గుడ్డు పచ్చసొనలో ఏముంటుంది? గోబ్లే చూసిన అదే లెసిథిన్!

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.