అమ్మమ్మా మనవరాలూ ఒకే పడవలో

థీమ్ పార్కుల చరిత్ర చెప్పమంటే చాలామంది ఎత్తులూ వేగాలూ ఏకరువు పెడతారు. ఏ రోలర్ కోస్టర్ ఎన్ని అడుగులు, గంటకు ఎన్ని మైళ్ళు, ఎన్నిసార్లు తలకిందులు చేస్తుంది అని. ఆ లెక్కలు ఏడాది తిరగకుండానే పాతబడిపోతాయి. నేను చూడదలచింది వేరు. నాలుగేళ్ళ మనవరాలు, డెబ్బై ఏళ్ళ అమ్మమ్మ, మధ్యలో తల్లిదండ్రులు పక్కపక్కన కూర్చుని ఒకే కథ చూడగలిగారా? నూట ఎనభై ఏళ్ళ ఈ వినోదాన్ని ఆ ప్రశ్నతో తిరగేస్తే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. గోడ మీది పగులు, దీపం రంగు, చెత్తబుట్ట ఆకారం లాంటి చిన్న విషయాల మీద ప్రాణం పెట్టిన చోట కుటుంబం కలిసి ఉంది. యంత్రాన్ని మాత్రమే నమ్ముకున్న చోట రైడ్ గేటు దగ్గరే విడిపోయింది.

1843 ఆగస్టులో కోపెన్‌హాగెన్‌లో జార్జ్ కార్‌స్టెన్సెన్ టివోలీ గార్డెన్స్ తెరిచాడు. పూలతోటలు, బ్యాండు మేళం, రంగు దీపాలు, తూర్పు దేశాల పోలికతో కట్టిన మంటపాలు. అక్కడ కోస్టర్ ఎక్కనివాళ్ళకు కూడా సాయంత్రం నిండుగా గడిచేది. 1914లో కట్టిన కొయ్య కోస్టర్ అక్కడ ఇప్పటికీ నడుస్తోంది, బండిలోనే ఒక మనిషి కూర్చుని చేత్తో బ్రేకు వేస్తాడు.

అమెరికాలో ఈ కథ 1893 షికాగో ప్రదర్శనతో ఊపందుకుంది. 264 అడుగుల ఎత్తున, 36 పెట్టెలతో ఫెరిస్ చక్రం తిరిగింది అక్కడే. ఆ ప్రదర్శన నిర్మాణంలో వడ్రంగిగా పనిచేసిన ఇలియాస్ డిస్నీ కొడుకే తరవాత ఈ రంగాన్ని మలుపు తిప్పాడు.

ఆ కొడుకు కన్నా ముందే న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్రెడరిక్ థాంప్సన్, స్కిప్ డండీ అనే ఇద్దరు ఒక కొత్త దారి తొక్కారు. 1901లో బఫెలో ప్రదర్శనలో వాళ్ళు ‘చంద్రలోక యాత్ర’ పెట్టారు. రెక్కలాడించే ఓడలో జనాన్ని కూర్చోబెట్టి, కదిలే తెరలతో భూమి కిందికి జారిపోతున్నట్టు భ్రమ కల్పించి, చంద్రుడి మీద దింపి, అక్కడి మరుగుజ్జు వేషధారుల చేత పచ్చటి జున్ను ముక్కలు పంచిపెట్టించారు. జనం ఆ జున్నును చేత్తో పట్టుకున్నారు, రుచి చూశారు. ఈనాటి హ్యారీ పాటర్ పార్కుల్లో అమ్మే బటర్‌బీర్ పానీయానికి తాత ఆ జున్ను ముక్కే అంటాను. 1903లో ఆ యాత్రనే నడిబొడ్డున పెట్టుకుని లూనా పార్క్ తెరిచారు. మరుసటి ఏడు పక్కనే డ్రీమ్‌ల్యాండ్ లేచింది. 1911 మే నెలలో డ్రీమ్‌ల్యాండ్‌లోని ‘హెల్ గేట్’ అనే రైడ్‌కు మరమ్మతులు చేస్తుండగా నిప్పంటుకుని, కొయ్య, సున్నపు పూతలతో కట్టిన పార్కంతా ఒక్క రాత్రిలో బూడిదైంది. కాలక్రమంలో ఈ తరహా పార్కుల్లో చాలావాటికి మంచి పేరు లేకుండా పోయింది. తాగుబోతులు, జేబుదొంగలు, మురికి. మర్యాదస్తులు పిల్లల్ని తీసుకువెళ్ళాలంటే వెనకాడేవారు.

మళ్ళీ ప్రాణం పోసిన రెండు చోట్లలో ఒకటి అందరికీ తెలుసు. రెండోది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. నెదర్లాండ్స్‌లోని కాట్స్‌హ్యూవెల్ అనే ఊళ్ళో 1952లో ఎఫ్టెలింగ్ పార్కు ‘అద్భుత కథల అడవి’ని తెరిచింది. ఆంటన్ పీక్ అనే చిత్రకారుడు బొమ్మలు గీస్తే, పీటర్ రైన్డర్స్ అనే సాంకేతికుడు వాటిని కదిలించాడు. అక్కడ ఏదీ వేగంగా పోదు. పిల్లలు పెద్దల వేలు పట్టుకుని చెట్ల మధ్య నడుస్తారు, ఒక మలుపులో నిద్రపోతున్న రాకుమారి, ఇంకో మలుపులో సంగీతం వినిపించే పుట్టగొడుగు. 1959లో అక్కడ ఒక చెత్తబుట్ట పెట్టారు. లావుపాటి తిండిపోతు బొమ్మ నోరు తెరుచుకుని ‘కాగితం ఇక్కడ’ అని అరుస్తూ ఉంటుంది. కాగితం దగ్గర పెడితే గాలితో లోపలికి పీల్చేసి ధన్యవాదాలు చెబుతుంది. చెత్త వెయ్యొద్దని పెట్టిన వంద బోర్డులు చెయ్యలేని పని ఆ ఒక్క బొమ్మ చేసింది. పిల్లలు కింద పడిన కాగితాల కోసం వెతుక్కుంటూ తిరుగుతారు. చిన్న విషయం మీద పెట్టిన శ్రద్ధ ఎంత దూరం పోతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనబడలేదు.

ఇక వాల్ట్ డిస్నీ. లాస్ ఏంజలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో ఇద్దరు కూతుళ్ళు రంగులరాట్నం ఎక్కుతుంటే తాను బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దలు కాపలా కాయడమేనా, ఇద్దరూ కలిసి ఆనందించే చోటు ఒక్కటీ లేదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1955 జులై 17న అనహైమ్‌లో, నారింజ తోటలు కొట్టి చదును చేసిన 160 ఎకరాల్లో డిస్నీల్యాండ్ తెరుచుకుంది. మొదటి రోజు అంతా అస్తవ్యస్తం. దొంగ టికెట్లతో జనం పోటెత్తారు, ఎండకు తారు మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి, ప్లంబర్ల సమ్మె వల్ల మంచినీళ్ళ కుళాయిలు సరిపోలేదు. అయినా జనం మళ్ళీ వచ్చారు. ఎందుకు వచ్చారో ఆ పార్కు మెయిన్ స్ట్రీట్‌లో నిలబడితే అర్థమవుతుంది. అక్కడి భవనాల పై అంతస్తులను కింది అంతస్తుల కన్నా తగ్గించి కట్టారు. వీధి నిజమైనదిలాగే ఉంటుంది, కానీ మనిషిని భయపెట్టదు. దుకాణాల అద్దాల కిటికీలు చిన్నపిల్లల కంటికి అందేంత కిందకు ఉంటాయి. ఒక పాత రంగులరాట్నాన్ని కొని తెచ్చినప్పుడు అందులో ప్రతి గుర్రం దూకుతున్న గుర్రమే కావాలని డిస్నీ పట్టుబట్టాడు. నిలబడిన గుర్రం దొరికిందని ఏ పిల్లా చిన్నబుచ్చుకోకూడదు.

1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ తయారైంది. మేరీ బ్లెయిర్ రంగులు వేసిన పిల్లల బొమ్మలు దేశదేశాల దుస్తుల్లో పాడుతుంటే మధ్యలోంచి పడవలు పోతాయి. సంక్రాంతికి మన ఇళ్ళలో మెట్ల మీద పేర్చే బొమ్మల కొలువును నీళ్ళ ఒడ్డున పరిచినట్టుంటుంది. చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఎక్కవచ్చు. దాన్ని పిల్లకాయల వ్యవహారమని కొట్టిపారేసేవాళ్ళున్నారు. కానీ ఆ పడవ విధానం చూశాకే డిస్నీ బృందం తన మరో పెద్ద పథకాన్ని మార్చుకుంది. నడుచుకుంటూ చూసే మైనపు బొమ్మల ప్రదర్శనగా మొదలైన ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ పడవ యాత్ర అయింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ రంగంలో ఇప్పటిదాకా కట్టినవాటిలో ఇదే గొప్పదని నా నిశ్చితాభిప్రాయం. బయట మిట్టమధ్యాహ్నం, లోపల అడుగుపెట్టగానే రాత్రి. లూజియానా చిత్తడి నేల, మిణుగురులు, ఒక గుడిసె వరండాలో ఊగే కుర్చీలో ముసలాయన. అవతలి ఒడ్డున దీపాల వెలుగులో జనం భోంచేస్తూ ఉంటారు, అది నిజమైన హోటలే. పడవ ఒక్కసారి కిందికి జారుతుంది, అస్థిపంజరాల గుహలు వస్తాయి. తరవాత కోట మీద ఫిరంగులు, దోపిడీకి గురైన పట్నం, మంటలు. ఆ మంటలు వెలుతురు, గాలి, పల్చటి తెరలతో చేసినవే. అవి ఎంత నిజంలా ఉన్నాయంటే, అసలైన అగ్నిప్రమాదం జరిగితే ఇవి వాటంతటవే ఆరిపోయే ఏర్పాటు చెయ్యమని అగ్నిమాపక అధికారి అడిగాడని చెబుతారు. ఒక వంతెన మీద దొంగ కూర్చుని కాలు వేలాడేసి ఉంటాడు. పడవ ఆ కాలి కిందుగా పోతుంది. తల ఎత్తితే మట్టికొట్టుకున్న అరికాలు, కాలి మీది వెంట్రుకలు కూడా కనిపిస్తాయి. చెరసాలలో ఖైదీలు తాళంచెవుల గుత్తి నోట కరుచుకున్న కుక్కను బతిమాలుతుంటారు. పిల్లలు కుక్కను చూసి నవ్వుతారు, పెద్దలు ఆ ఖైదీల అవస్థ చూసి నవ్వుతారు. పాత్రలు మార్క్ డేవిస్‌వి, పరిసరాలు క్లాడ్ కోట్స్‌వి, మాటలు ఎక్స్ అటెన్షియోవి. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఏదీ సరిగ్గా వినబడదేమో అని అటెన్షియో దిగులుపడితే, మరీ మంచిది, వచ్చిన ప్రతిసారీ కొత్త మాట వింటారు అని డిస్నీ అన్నాడట. అది మొదలయ్యేసరికి ఆయన లేడు. ఆయన 1966 డిసెంబర్‌లో చనిపోతే, 1967 మార్చిలో పడవలు కదిలాయి. ఈనాటికీ దానికి ఎత్తు నిబంధన లేదు.

కుటుంబం మారినప్పుడు ఆ యాత్ర కూడా మారింది. మొదట్లో దొంగలు ఆడవాళ్ళను తరిమేవారు, వేలం వేసేవారు. 1997లో తరిమే సన్నివేశాన్ని సవరించారు. 2018లో ఆడవాళ్ళ వేలం తీసేసి, అమ్మకానికి నిలబెట్టిన ఎర్రజుట్టు మనిషినే దొంగల్లో ఒకతెను చేశారు. పాతదాన్ని ముట్టుకోవద్దని అభిమానులు గోల చేశారు. పక్కన కూర్చున్న కూతురికి ఆ వేలం గురించి ఏం చెప్పాలో తెలియక ఇబ్బందిపడ్డ తల్లుల పక్షమే నాది.

తరవాతి దశాబ్దాలను త్వరగా దాటవచ్చు. 1971లో ఫ్లోరిడా, 1983లో టోక్యో, 1992లో పారిస్ డిస్నీ పార్కులు వచ్చాయి. మరోవైపు ఉక్కు కోస్టర్ల ఎత్తుల పోటీ మొదలైంది. 1989లో ఒహాయోలోని సీడర్ పాయింట్ పార్కు 200 అడుగులు దాటింది, 2000లో 300 దాటింది. 2005లో న్యూజెర్సీలో 456 అడుగుల ‘కింగ్డా కా’ లేచింది. సాహసవంతులకు అవి పండగే. మిగిలిన ఇంటిల్లిపాదీ మాత్రం మళ్ళీ గ్రిఫిత్ పార్కు బెంచీ మీదికి చేరారు. కింగ్డా కాను 2025 ఫిబ్రవరిలో పేల్చి కూల్చేశారు. ఇరవై ఏళ్ళు నిలిచింది.

2010 జూన్‌లో ఓర్లాండో యూనివర్సల్‌లో హ్యారీ పాటర్ లోకం తెరుచుకోవడంతో చిన్న విషయాలకు మళ్ళీ రోజులొచ్చాయి. సినిమాలకు కళా దర్శకత్వం చేసిన స్టూవర్ట్ క్రెయిగే ఇక్కడా పనిచేశాడు. ఫ్లోరిడా ఎండలో ఇళ్ళ కప్పుల మీద మంచు. దుకాణాలు కథలో ఉన్నట్టే ఇరుకు. మరుగుదొడ్లలో ఏడుపుగొట్టు దెయ్యం గొంతు. ఒలివాండర్ దుకాణంలో గుంపులోంచి ఒక పిల్లనో పిల్లవాడినో పిలిచి మంత్రదండం చేతికిస్తారు. చుట్టూ ఉన్న పెద్దలందరి కళ్ళూ ఆ పసి ముఖం మీదే ఉంటాయి. ఆ వీధి మొత్తం కుటుంబానిది. కోటలోని ప్రధాన రైడ్‌కు మాత్రం 48 అంగుళాల గీత. అంటే దాదాపు ఏడేళ్ళ లోపు పిల్లలు బయటే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన మన తెలుగు అమ్మమ్మలు, తాతయ్యలు ఆ గీతకు ఇవతల సంచులు, స్ట్రోలర్లు కాపలా కాస్తూ కూర్చోవడం మామూలు దృశ్యం.

ఈ చిక్కు తెలిసిన రూపకర్తలు ఉన్నారు. 2012లో ఫ్లోరిడా మ్యాజిక్ కింగ్‌డమ్‌లో డంబో రైడ్ క్యూను సర్కస్ డేరాలోకి మార్చారు. చేతికి ఒక పేజర్ ఇచ్చేవారు, అది మోగేదాకా పిల్లలు డేరాలో ఆడుకునేవారు, పెద్దలు కూర్చునేవారు. అదే ఫ్లోరిడాలో 2017లో తెరిచిన ‘అవతార్’ సినిమా లోకం పండోరాలో రెండు రైడ్‌లు పెట్టారు. ఒకటి 44 అంగుళాల గీత ఉన్న ఎగిరే సాహసం, రెండోది వెలిగే అడవిలోంచి సాగే పడవ. రెండోది మరీ పొట్టిదని సణిగేవాళ్ళు ఎక్కువ, కానీ చివర్లో పాడే నావీ స్త్రీ బొమ్మ ముఖంలో కండరాలు కదిలే తీరు చూసి ఎనభై ఏళ్ళ వాళ్ళు కూడా నోరు తెరుస్తారు. 2024 జూన్‌లో టోక్యో డిస్నీసీ రపుంజెల్ కథను పడవల్లోనే చెప్పింది. 2025 మే 22న ఓర్లాండోలో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో ఐదు లోకాలున్నాయి. అందులో నింటెండో లోకం నాకు ముఖ్యం. 1985లో మారియో ఆట ఆడిన తండ్రి, నేడు ఆడుతున్న కొడుకు ఒకే ఇటుకను గుద్దుతారు. అయితే ఆ పార్కులో పెద్ద రైడ్‌లు చాలావరకు 40 అంగుళాల గీతకో 48 అంగుళాల గీతకో లోబడి ఉన్నవే. పరిసరాలకు పెట్టిన ఖర్చులో కొంత గీత లేని ఒక గొప్ప పడవ యాత్రకు పెట్టి ఉండాల్సింది.

మన దేశానికి వస్తే, 1984లో ఢిల్లీ అప్పూ ఘర్, 1989లో ముంబయి ఎస్సెల్ వరల్డ్ తొలి అడుగులు. 2013లో ఖోపోలీ దగ్గర తెరిచిన ఇమాజికా, గుజరాత్‌లో ఎముకలు దొరికిన రాజాసారస్ అనే మన డైనోసార్‌ను తీసుకుని పడవ యాత్ర కట్టింది. అలాంటి ఆలోచనలు మన దగ్గర ఇంకా వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. హైదరాబాద్‌లో 1938 నుంచి జరుగుతున్న నుమాయిష్‌కు మూడు తరాలూ కలిసే వెళతాయి. 1996 నాటి రామోజీ ఫిల్మ్ సిటీ సినిమా సెట్లనే వినోదంగా మార్చింది. అక్కడ నడకకు, చూపుకు విలువ ఉంది. 2016లో రావిర్యాలలో వచ్చిన వండర్‌లా యంత్రాల్లో, భద్రతలో పేరు తెచ్చుకుంది. కానీ మన ఊరి కథను గోడల మీద, దారుల్లో, కుర్చీల్లో పలికించిన రైడ్ తెలుగునేల మీద నాకు ఇంకా కనబడలేదు.

ఆ విద్య మనకు లేక కాదు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం తరతరాలుగా, కుటుంబాలకు కుటుంబాలే రంగస్థలం మీద ఉండి, తీగలతో, తెరలతో, వెలుతురుతో ఘటోత్కచుడి మాయలు చూపిస్తోంది. మాయాబజార్ నాటకంలో లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరిపోతుంటే ముందు వరుసలో పిల్లలు, వెనక వరుసలో ముసలివాళ్ళు ఒకేసారి కేరింతలు కొడతారు. కొండపల్లిలో, ఏటికొప్పాకలో కొయ్యకు ప్రాణం పోసేవాళ్ళున్నారు, నిమ్మలకుంటలో తోలుబొమ్మలను వెలుగు ముందు ఆడించేవాళ్ళున్నారు. హైదరాబాద్, విశాఖ, అమరావతి చుట్టూ రేపు పార్కులు కట్టబోయే వాళ్ళకు నా విన్నపం ఒక్కటే. విదేశీ యంత్రాల కేటలాగు తెరవకముందు సురభి కళాకారులను పిలిచి కూర్చోబెట్టండి. ఎత్తు గీత లేని ఒక పడవ యాత్రను, మాయాబజార్ కథతో, వాళ్ళ చేత రూపకల్పన చేయించండి. జీతం ఇంజినీర్లతో సమానంగా ఇవ్వండి.